సుదర్శనం కంట్లో నాలుగు బిళ్ళలు

"ధనంజయా, యాడుండావు?" ఫోన్‌లో చీఫ్ వకుళాదేవి.

"రేణిగుంట ఎయిర్‌పోర్టులో, మేడమ్."

"సుదర్శనాన్ని చంపబోతా ఉండారు. ఉరుకు!"

ఏజెంట్ ధనంజయ గుండు కొట్టించుకుని ఉన్నాడు. తిరుపతిలో అంతకు మించిన డిస్‌గైజ్ లేదు. బ్యాకప్ టీమ్‌కీ గుండ్లే కావడంతో, జనంలో తనవాళ్ళెవరో తేల్చుకోలేక ఒక్కడే ఆసుపత్రికి ఆటో ఎక్కాడు.

సుదర్శనం తిరుమల గుడి కైంకర్యాల కుటుంబంవాడు. విదేశీ ముఠా కోడ్‌ను ఛేదించిన ఏకైక మనిషి. ఆ కోడ్ కీ ఆయన తలలో తప్ప ఎక్కడా లేదు. ఇప్పుడు ఆయన కంట్లో కణితి. దాన్ని ప్రోటాన్ బీమ్‌తో కాల్చడానికి డాక్టర్లు కంటిగుడ్డుకు నాలుగు లోహపు బిళ్ళలు కుట్టారు. నువ్వుగింజంత బిళ్ళలు. కన్ను కదిలితే అవీ కదులుతాయి. ఎక్స్‌రేలో అది కనిపించగానే బీమ్ దానంతటదే ఆగిపోతుంది.

ముఠా ఆ మెషిన్‌ను హ్యాక్ చేసింది. టార్గెట్ ఇప్పుడు కణితి కాదు, మెదడు.

ధనంజయ ఆసుపత్రి కంట్రోల్ రూమ్‌లోకి దూసుకెళ్ళేసరికి, అక్కడ పట్టుచీర, మల్లెపూలు, పిస్టల్‌తో నవీన నిలబడి ఉంది. మూడు దేశాలకు పనిచేసే డబుల్ ఏజెంట్.

"ఆడే నిలబడబ్బా. మెషిన్ గది తలుపు లాకైపోయినాది. స్టాప్ బటన్ పీకేసినా."

ధనంజయ తన లేజర్ వాచీ నొక్కాడు. ఎర్రచందనం దుంగను సైతం కోసే వాచీ అది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడిగింది.

గాజు అవతల సుదర్శనం తల బిగించి ఉంది. రెప్పలకు క్లిప్పులు. చూపు నిలపడానికి ఎదుట ఎర్రలైటు. స్క్రీన్ మీద 'రెడీ' వెలిగింది.

ధనంజయ మైకు మీద పడ్డాడు. "సార్! కన్ను కదిలించండి!"

"డాక్టరమ్మ కదపొద్దనింది, నాయనా."

"చచ్చిపోతారు సార్!"

"మధ్యలో మాట్లాడించొద్దు నాయనా, కదిలిపోతాది."

నవీన నవ్వింది. "అరువబ్బా, ఇంకా గట్టిగా అరువు."

ధనంజయ గొంతు చిరిగేలా అరిచాడు.

"ఏడుకొండలవాడా! వెంకటరమణా!"

"గోవిందా... గోవింద!"

అలా బదులు పలుకుతూ సుదర్శనం భక్తితో కళ్ళు మూసుకోబోయాడు. రెప్పలు పడలేదు గానీ గుడ్లు పైకి తిరిగాయి. ఎక్స్‌రే స్క్రీన్ మీద నాలుగు బిళ్ళలూ హద్దు గీత దాటాయి. బయటికి రాబోతున్న బీమ్ ఆగిపోయింది.

నవీనది పుత్తూరు. చిన్నప్పటి నుంచీ నడిచి కొండెక్కిన మనిషి. ఆమె కూడా "గోవిందా" అంటూ, పిస్టల్‌తో సహా రెండు చేతులూ తలపైకెత్తింది.

సుదర్శనం చూపు మళ్ళీ కిందికి దిగేలోపు ధనంజయ ఆ పిస్టల్ లాక్కుని మెషిన్ కంప్యూటర్‌ను కాల్చేశాడు.

ఫోన్ మోగింది. "ఒక్కడివే ఎట్లా పట్టుకున్నావబ్బా దాన్ని?"

"నేనేం చెయ్యలేదు మేడమ్. తనే చేతులెత్తేసినాది."