సోఫా ఓడకు లంగరు

మిట్టమధ్యాహ్నం హాల్లో ఓడ బయలుదేరింది.

ఓడ అంటే సోఫాయే. నేల మీది టైల్స్ సముద్రం. కిటికీ తెర ఊగినప్పుడల్లా ఎండ టైల్స్ మీద అటూ ఇటూ పాకేది. కళ్లు సగం మూసి చూస్తే నిజంగా నీళ్లే. ఆ ఓడని నడుపుతున్న తొమ్మిదేళ్ల పిల్లని ఇంట్లో అందరూ కెప్టెన్ అనే పిలుస్తారు. మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతుంది. కంచం ముందు కూర్చున్నా మనసు మాత్రం అలల మీదే ఉంటుంది.

వాళ్లమ్మ నిజం ఓడలో పనిచేస్తుంది. సముద్రం అడుగున ఏముందో వెతికే ఓడ అది. దీపాలూ కెమెరా ఉన్న ఒక యంత్రాన్ని నీళ్లలోకి దింపుతారు. దాన్ని పైనుంచి నడిపేది అమ్మే. నెలకొక శనివారం సాయంత్రం ఐదింటికి ఆ యంత్రం చూసేదంతా ఇంటర్నెట్‌లో అందరికీ చూపిస్తారు.

ఇవాళ ఆ శనివారం.

"ఐదున్నరకి యంత్రాన్ని పైకి లాగేస్తాం," అంది అమ్మ మొన్న ఫోన్లో. "లాగే ముందు దాని దీపాలు మూడుసార్లు ఆర్పి వెలిగిస్తాను. ఒకటి తాతయ్యకి, ఒకటి నాన్నకి, ఒకటి నీకు. లెక్క తప్పకుండా చూడండి."

తాతయ్య అంటే అమ్మ వాళ్ల నాన్న. ఆయనకి చూపు తగ్గింది. ఫోన్లో బొమ్మ చూపిస్తే, "ఏవో చీమలు పాకుతున్నాయే," అంటాడు. ఆయన కోసమే గోడకి పెద్ద టీవీ పెట్టారు. వైఫై హాలు దాకా సరిగ్గా అందదు గనక, రూటర్ ఉన్న వెనక గది నుంచి టీవీ దాకా నాన్న ఒక నీలం వైరు లాగాడు. మిగిలిన వైరుని చుట్ట చుట్టి టీవీ వెనకే పెట్టాడు.

ఓడ నడిసముద్రంలోకి వచ్చింది. ఇప్పుడు లంగరు వెయ్యాలి. లంగరుకి తాడు కావాలి. కెప్టెన్ చుట్టూ చూసింది. టీవీ వెనక నుంచి నీలం చుట్ట తొంగిచూస్తోంది. సముద్రం రంగు తాడు! ఇంతకంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది?

వైరు కొసని టీవీ నుంచి ఊడదీసి, చుట్ట విప్పి, సోఫా చేతి మీదుగా కిందికి వదిలింది. లంగరు మెల్లగా దిగింది. లోతుకి, ఇంకా లోతుకి. కింద చేపలు దీపాలు పట్టుకుని తిరుగుతున్నాయి. వాటి మధ్య అమ్మ యంత్రం ఎక్కడో...

"కెప్టెన్! అన్నానికి రా!" నాన్న వంటింట్లోంచి కేకేశాడు.

ఉలిక్కిపడి తాడు లాగింది. కొస సోఫా కాలు కింద ఇరుక్కుంది. ఇంకాస్త గట్టిగా లాగింది.

టప్.

వైరు చివర ఒక చిన్న పిన్ను ఉంటుంది. దాని మీద గోరంత ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. టీవీలో పెట్టగానే పిన్ను వదులు కాకుండా టిక్ మని పట్టుకునేది ఆ నాలుకే. ఇప్పుడది విరిగి కెప్టెన్ అరచేతిలో ఉంది.

కెప్టెన్ వంటింటి వైపు ఓసారి చూసింది. పిన్నుని టీవీలో దూర్చింది. టిక్ మనలేదు. అయినా చూడ్డానికి మునుపటిలాగే ఉంది. నాలుక ముక్కని జేబులో వేసుకుంది.

సోఫా మీద ఆమె ఓడ పుస్తకం తెరిచి ఉంది. అమ్మ ఇచ్చిన నోటుబుక్కు అది. "ఓడలో ఏం జరిగినా ఇందులో రాస్తాం. గాలి మారినా, గరిటె విరిగినా," అని చెప్పి ఇచ్చింది. కెప్టెన్ పెన్సిలు తీసి, 'లంగరు వేశాం. సముద్రం ప్రశాంతంగా ఉంది' అని రాసింది. కింద ఒక గీత ఖాళీగా వదిలేసి పుస్తకం మూసేసింది.

నాలుగున్నరకి తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడిగుడ్డతో కళ్లజోడు తుడుచుకుని వచ్చాడు. నాన్న టీవీ పెట్టాడు. తెర మీద ఒకటే మాట: 'నెట్‌వర్క్ కేబుల్ కనెక్ట్ కాలేదు.'

నాన్న టీవీ ఆపి మళ్లీ పెట్టాడు. అదే మాట. రూటర్ ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ పెట్టాడు. అదే మాట. టార్చి వేసి టీవీ వెనక చూశాడు. "వైరు పెట్టే ఉందే," అని గొణుక్కుంటూ మేడ మీదికి పరిగెత్తాడు.

పై వాటాలో ఆఫీసులకి ఇంటర్నెట్ వైర్లు వేసే అక్క ఉంటుంది. పిల్లలు ఆమెని వైర్ల అక్క అంటారు. ఆమె భుజానికి సంచీతో దిగి వచ్చింది. ముందు రూటర్ దగ్గరికెళ్లి చూసింది.

"టీవీ వైరు పెట్టిన చోట దీపం వెలగట్లేదు అన్నయ్యా. అంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడో తేడా ఉంది. పొద్దున్నుంచి దీన్ని ఎవరెవరు ముట్టుకున్నారు? తప్పు పట్టడానికి కాదు, ఎక్కణ్ణుంచి వెతకాలో తెలియడానికి అడుగుతున్నా."

కెప్టెన్ జేబులో చెయ్యి బిగుసుకుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు.

"నేనే తల్లీ," అన్నాడు తాతయ్య. "పొద్దున ఆ రూటర్ ఎత్తి కింద దుమ్ము దులిపాను. మంచం కూడా జరిపాను. దాని కాలు వైరు మీద పడిందో ఏమో."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు పాపం, ఆ గుమ్మడికాయ మొహం కూడా ఎరగని మనిషి.

"అయితే తాతగారు చెప్పిన చోటి నుంచే మొదలుపెడదాం," అంది అక్క. "ఒక్కొక్కటే మారుద్దాం. ఒకేసారి రెండు మారిస్తే తేడా దేనిదో తెలీదు."

రూటర్‌లో వైరుని పక్క రంధ్రంలోకి మార్చింది. దీపం వెలగలేదు. ఆ కొసన కొత్త పిన్ను వేసింది. వెలగలేదు. నాన్నా అక్కా కలిసి మంచం జరిపారు, గోడ వెంట వైరు మీది మేకులన్నీ పీకి చూశారు. కొండను తవ్వుతున్నారు గానీ ఎలుక అక్కడ లేదు. అది హాల్లో ఒక జేబులో ఉంది.

గడియారం ఐదు కొట్టింది.

ఎక్కడో చాలా దూరంలో యంత్రం నీళ్లలోకి దిగుతూ ఉంటుంది. నీలం ముదురు నీలమై, ముదురు నీలం నలుపై ఉంటుంది. కెప్టెన్‌కి కళ్లు మూయకుండానే కనిపిస్తోంది. కానీ తాతయ్యకి కనిపించదు కదా.

తాతయ్య సోఫాలో ఓ మూలన కూర్చున్నాడు. "ముసలాణ్ణి, ఓ మూలన కూర్చోక నాకెందుకు వచ్చిన దులపడం," అన్నాడు నెమ్మదిగా. "ఇకమీదట ఆ వస్తువుల జోలికి పోను." కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకుని, టక్కున మూత వేశాడు.

ఆ చప్పుడుకి కెప్టెన్ లేచి నిలబడింది. వెనక గది గుమ్మం దాకా వెళ్లి అరచెయ్యి చాచింది.

"అక్కా, తాతయ్య కాదు. నేనే. టీవీ వైపు కొస. లంగరు వేస్తూ విరగ్గొట్టేశాను." చెబుతూనే ఏడ్చేసింది.

నాన్న ఆ ముక్క వైపు చూశాడు, పీకేసిన మేకుల వైపు చూశాడు. "మధ్యాహ్నమే చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు. ఆయన మొహం ఎర్రగా ఉంది.

"కోపం తరవాత అన్నయ్యా, ముందు పిన్ను," అంది వైర్ల అక్క. అప్పటికే హాల్లోకి నడుస్తోంది. "రా కెప్టెన్, టార్చి పట్టుకో."

విరిగిన పిన్నుని కత్తిరించింది. నీలం తొడుగు కింద ఎనిమిది సన్నటి రంగు తీగలు బయటపడ్డాయి. వాటిని వరసగా సర్ది, కొత్త పిన్నులోకి జొనిపి, పటకారు లాంటి పనిముట్టుతో గట్టిగా నొక్కింది.

"ఇంతేనా?" అంది కెప్టెన్, ముక్కు ఎగబీల్చి.

"ఇంతే. ఎక్కడ విరిగిందో తెలిస్తే ఐదు నిమిషాల పని. తెలియకపోతే చూశావుగా. ఊఁ, నువ్వే పెట్టు."

కెప్టెన్ పెట్టింది. టిక్.

టీవీ నల్లబడింది. పాడైందేమోనని అందరూ ఊపిరి బిగబట్టారు. అప్పుడు ఆ నలుపులోంచి తెల్లటి పొడి రాలడం మొదలైంది. అది మంచు కాదు, సముద్రం అడుగున రాలే నలుసులు. దీపాల వెలుగులో అవి తొందరేమీ లేనట్టు దిగుతున్నాయి. గాజు గిన్నె లాంటి ఒక జీవి తెర ఈ చివర నుంచి ఆ చివరకి తేలిపోయింది. హాలంతా నీలంగా అయింది. నాన్న మొహం మీద ఎరుపు కూడా ఆ నీలంలో కరిగిపోయింది.

కెప్టెన్ వెళ్లి కళ్లజోడు పెట్టె తెరిచింది. కళ్లజోడు తీసి తాతయ్యకి పెట్టింది.

"సారీ తాతయ్యా."

తాతయ్య కాస్త పక్కకి జరిగాడు. ఆమెని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఐదున్నర కాగానే తెరంతా చీకటైంది. మళ్లీ వెలిగింది.

"ఒకటి," అన్నాడు తాతయ్య. "అది నాదే."

చీకటి, వెలుగు. నాన్న చెయ్యెత్తాడు. చీకటి, వెలుగు. మూడోది కెప్టెన్ కన్నీళ్లలో పెద్దదిగా, చెదిరిపోతూ కనిపించింది.

మర్నాడు పొద్దున ఓడ నుంచి అమ్మ ఫోన్ చేసింది. "దీపాలు చూశారా? యంత్రం నీళ్లలోకి దిగడం ఎలా ఉంది?"

"దిగడం చూడలేదమ్మా. ఎందుకో చెప్తాను, ఉండు." కెప్టెన్ ఓడ పుస్తకం తెరిచింది. నిన్న ఖాళీగా వదిలేసిన గీత ఇప్పుడు నిండిపోయి, మార్జిన్లోకి కూడా పాకింది. పక్కన ప్లాస్టిక్ నాలుక ముక్క జిగురుతో అతికించి ఉంది. గొంతు సవరించుకుని చదివింది:

"మధ్యాహ్నం పన్నెండున్నర. లంగరు తాడు కొస విరిగింది. విరగ్గొట్టింది కెప్టెన్. దాచింది కూడా కెప్టెనే. అందువల్ల అందరికీ సగం సముద్రం పోయింది. తాతయ్య తప్పేమీ లేదు."

ఫోన్లో గాలీ అలల చప్పుడూ వినిపించాయి.

సోఫా అవతలి చివర నుంచి తాతయ్య ముందుకు వంగాడు.

"ఆ చివరి ముక్క మళ్లీ ఓసారి గట్టిగా చదువు కెప్టెన్. అక్కడ గాలెక్కువ కదా, మీ అమ్మకి వినపడలేదేమో."

కెప్టెన్ లేచి నిలబడి, వంటింట్లో ఉన్న నాన్నకి కూడా వినపడేలా, మళ్లీ చదివింది.