కర్టెన్ల షాపు ముందు ఎర్ర దారి

చేయాల్సిన పనులు ఇవి. మెయిన్ రోడ్డు ఎడమ అంచున బస్సుల కోసం ఒక లేన్ విడదీసి ఎర్ర రంగు వేయించాలి. దాని మీద 'బస్సులకు మాత్రమే' అని రాయించాలి. బోర్డులు పాతించాలి. ప్రజల ఆమోదం పొందాలి. శనివారం మీటింగుకి టీ, బిస్కెట్లు చెప్పాలి.

పెద్దసారు ఇవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశారు. కుర్ర ఇంజినీరు రాసుకుంటూ పోయాడు. నాలుగో పని దగ్గర పెన్ను ఆగింది.

"సార్, ప్రజల ఆమోదం అంటే... ఎలా పొందాలి సార్?"

"బిస్కెట్లు కాస్త మంచివి చెప్పవయ్యా" అన్నారు పెద్దసారు, ఫైలు మూస్తూ.

బస్సుల మీద అంత ప్రేమ ఉన్న పెద్దసారు చివరిసారి బస్సెక్కింది కాలేజీ రోజుల్లో. కుర్ర ఇంజినీరు మాత్రం ఆ ఉదయం కూడా ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడుతూ ఆఫీసుకి వచ్చాడు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. చదువుకున్న చదువుతో నలుగురికి పనికొచ్చే పని ఒక్కటైనా చేయాలని అతని పట్టుదల. శనివారం మీటింగులో జనం చేతులెత్తితే లేన్ ఉంటుంది. ఎత్తకపోతే రంగు గీకేస్తారు. గీకించే పని కూడా అతనిదే.

రంగు వేయించడానికి వెళ్ళి, టేపు పట్టుకుని రోడ్డు అంచున గొంతుకూర్చున్నాడో లేదో, వెనక నుంచి కేక.

"ఏవండోయ్! ఏం కొలుస్తున్నారు?"

తిరిగి చూశాడు. కర్టెన్ల షాపు మెట్ల మీద ఒకమ్మాయి. ఆమె మెడలోనూ టేపే.

"బస్ లేనండి."

"మా షాపు ముందా?"

"రోడ్డు మీదండి. రోడ్డు మీ షాపు ముందు నుంచి పోతోంది, నేనేం చేయను?"

"మరి మా కస్టమర్లు కార్లు ఎక్కడ పెట్టుకోవాలి? నెత్తిన పెట్టుకోవాలా?"

"మీ కస్టమర్లలో కార్లలో వచ్చేవాళ్ళు ఎంతమందండీ?"

"అందరూ!"

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూనే. మీ ఇంజినీరింగులో ఆ మాట చెప్పలేదా?" అంటూ మెట్లు దిగి, అతను గీసిన సుద్ద గీతని తన టేపుతో కొలిచి పెదవి విరిచింది. "అంగుళం వంకర. ఇలాంటి కర్టెన్ కుట్టిస్తే మా కస్టమర్లు మొహాన కొట్టి పోతారు."

అతను మళ్ళీ కొలిచాడు. వంకరే. సుద్ద చెరిపి మళ్ళీ గీశాడు. ఆమె నవ్వు ఆపుకోవడం చూసి మళ్ళీ వంకరగా గీశాడు.

ఆమె నాన్నగారు ఆ రోడ్డు షాపుల సంఘానికి ప్రెసిడెంటు. లేన్‌ని అడ్డుకుని తీరతానని మైకులో చెప్పిన మనిషి. ఆయన కూతురు అంతకంటే సూటి మనిషి. "నమ్మకం లేకపోతే రేపొచ్చి మా షాపులో కూర్చోండి. ఎవరెలా వస్తున్నారో మీ కళ్ళతో మీరే చూద్దురుగాని" అంది.

అతను వెళ్ళాడు. స్టూలు మీద కూర్చోబోయాడు.

"ఊరికే కూర్చోడానికి ఇది మీ ఆఫీసు కాదు. ఈ గుడ్డ కొస పట్టుకోండి" అంది ఆమె.

మధ్యాహ్నం దాకా కొసలు పట్టుకున్నాడు. పట్టుకుంటూనే వచ్చినవాళ్ళందరినీ అడిగాడు. కొత్తగా కాపురం పెట్టిన జంట బస్సులో వచ్చారు. స్కూలు టీచరు బస్సులో వచ్చింది. ఒకాయన స్కూటరు మీద, ఇద్దరు నడిచి. పరదా గుడ్డ వెనక నుంచి ఆమె చూపు ఒక్కోసారి అతని మీద పడి, గబుక్కున రింగుల డబ్బా మీదకి జారిపోయేది.

చివరికి కారు తాళం తిప్పుకుంటూ ఒకావిడ వచ్చింది. కర్టెన్లమ్మాయి మొహం వెలిగిపోయింది. "చూశారా! మేడమ్, కారు మా షాపు ముందే పెట్టారు కదూ?"

"మీ షాపు ముందా? ఇక్కడ ఎప్పుడు ఖాళీ ఉంది కనుక! వెనక సందులో పెట్టి నడిచొచ్చాను తల్లీ, కాళ్ళు లాగేస్తున్నాయి."

ఆవిడ వెళ్ళాక ఇద్దరూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. షాపుల ముందు కార్లు బారుగా ఉన్నాయి. షాపుల్లో కస్టమర్లు మాత్రం అంతమంది లేరు.

"మరి ఇవెవరివండీ?" అన్నాడు అతను.

ఆమె చూసింది. తెల్లకారు నాన్నది. పక్కది చెప్పుల షాపు అంకుల్‌ది. ఆ తర్వాతది మందుల షాపు బాబాయ్‌ది. అవతలది గాజు సామాన్ల అత్తయ్యది. ఆమె వేలు ఒక్కొక్క కారునీ చూపిస్తూ వెళ్ళి, మధ్యలోనే కిందికి వాలిపోయింది.

అప్పుడే వాన మొదలైంది. బస్సు వచ్చింది. అంచున కార్లుండటంతో నడిరోడ్డు మీదే ఆగింది. చేతికర్రతో ఒక పెద్దావిడ దిగింది. వెనక హారన్ల మోత. రెండు కార్ల బంపర్ల మధ్య కర్ర ఇరుక్కుపోయి ఆవిడ తూలింది.

"నాయనమ్మా!" అని అరిచింది కర్టెన్లమ్మాయి.

ఆమె కంటే ముందు అతను పరిగెత్తాడు. భుజం పట్టుకుని మెట్లెక్కించాడు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"చల్లగా ఉండు బాబూ. మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నాకీ సర్కస్ తప్పదు" అంది నాయనమ్మ.

"ఇంట్లో కారుంది కదమ్మా?" అన్నాడు అతను.

"ఎందుకు లేదూ! మా అబ్బాయి కారు తీస్తే చోటు పోతుందట. ఆ చోటు కోసమే పొద్దున్నే వచ్చేస్తాడు. పరుపో కర్టెన్లో పంపాలంటే ఆటో పిలుస్తాడు. కారు మాత్రం కదలకూడదు."

నాయనమ్మ లోపలికి వెళ్ళింది. కర్టెన్లమ్మాయి అతనికి టవల్ ఇస్తూ తలదించుకుంది. "మీటింగులో ఇది చెప్పేస్తారా?"

"చెబితే లేన్ దక్కుతుంది."

"మా నాన్న పరువు పోతుంది. కోపిష్టే గానీ మంచివాడండీ. మోసం కాదు, నిజంగానే కస్టమర్ల కోసం అనుకుంటున్నాడు."

టవల్‌తో తల తుడుచుకుంటూ అతను చాలాసేపు ఆలోచించాడు. నిజానికి అంత ఆలోచించలేదు; ఆ టవల్ అప్పుడే తిరిగి ఇవ్వాలనిపించలేదు. "చెప్పనండి. మాట" అన్నాడు.

శనివారం మీటింగు ఆలస్యంగా మొదలైంది. ట్రాఫిక్ మీద ప్రసంగించాల్సిన పెద్దసారు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. హాలుకి ఏ బస్సూ రాదు. బస్సుల మీటింగుకి ఆ హాలే నచ్చింది ఆఫీసుకి. బస్సు జనం వెనక వరుసల్లో చెమటలు తుడుచుకుంటున్నారు. ఆటోల్లో వచ్చి దిగిన షాపుల సంఘం ముందు వరుసలో బిస్కెట్లు తింటోంది.

ప్రెసిడెంటుగారు మైకందుకున్నారు. "కస్టమర్ దేవుడు! దేవుడికి చోటు లేకుండా చేస్తారా? కస్టమర్లలో బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారా అసలు? చెప్పవయ్యా ఇంజినీరూ, నువ్వు మా షాపులోనే కూర్చున్నావుగా!"

కుర్ర ఇంజినీరు లేచాడు. పెద్దసారు కళ్ళతోనే తోస్తున్నారు. అతను వెనక వరుసలో నాయనమ్మ పక్కన కూర్చున్న కర్టెన్లమ్మాయి వైపు చూశాడు.

"నేను... చెప్పలేనండి" అని కూర్చున్నాడు.

ముందు వరుస చప్పట్లు కొట్టింది. పెద్దసారు నుదురు కొట్టుకున్నారు. కర్టెన్లమ్మాయి మాత్రం లేచి, తిన్నగా వచ్చి నాన్న చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఒక చిన్న అనౌన్స్‌మెంటండీ. షాపుల దగ్గరికి కార్లలో కస్టమర్లు వచ్చారట. పెట్టుకోడానికి చోటు లేదట. అక్కడ కార్లు పెట్టినవాళ్ళు దయచేసి వెంటనే వెళ్ళి తీయండి."

చెప్పుల షాపు అంకుల్ లేచాడు. మందుల షాపు బాబాయ్ జేబులు తడుముకున్నాడు. గాజు సామాన్ల అత్తయ్య హ్యాండ్‌బ్యాగు తెరిచింది. ముందు వరుస మొత్తం తాళాలు గలగలలాడిస్తూ గుమ్మం వైపు కదిలింది. సగం దూరం వెళ్ళాక ఒకరి చేతిలో తాళాలు ఒకరు చూసుకున్నారు. అందరూ ఆగారు.

వెనక వరుసల్లో మొదట ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత హాలంతా నవ్వింది.

ఒక్కొక్కరే వెనక్కి వచ్చి కూర్చున్నారు. చేతిలో తాళంతో ప్రెసిడెంటుగారు ఒక్కరే మధ్యలో నిలబడిపోయారు. వెనక నుంచి చేతికర్ర టకటకలాడింది.

"కూర్చోరా. లేదా వెళ్ళి నిజంగానే తియ్యి. నేను నడిరోడ్డు మీద బస్సు దిగలేకపోతున్నాన్రా. మొన్న ఈ అబ్బాయి పట్టుకోకపోతే పడేదాన్ని."

ప్రెసిడెంటుగారు తల్లి వైపు చూశారు. తాళం వైపు చూశారు. "నాతో చెప్పలేదేమ్మా?"

"చెబితే కారు తీసేవాడివా?"

ఆయన పెద్దసారు వైపు తిరిగారు. చెయ్యి పైకెత్తారు. తాళం ఇంకా ఆ చేతిలోనే ఉంది. ఆయన వెనక మిగతా చేతులు ఒక్కొక్కటే లేచాయి.

గుమ్మం దగ్గర ఆయన ఇంజినీరుని ఆపారు. "నీకు ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదు?"

"మీ అమ్మాయికి మాటిచ్చానండి."

ప్రెసిడెంటుగారు కూతురి వైపు చూశారు. ఆమె హాలు కిటికీకి వేలాడుతున్న కర్టెన్ కొలతలు తీయడంలో మునిగిపోయింది. "రేపు మీ అమ్మానాన్నల్ని తీసుకుని ఇంటికి రావయ్యా" అన్నారాయన. "కారులో మాత్రం రాకండి. పెట్టడానికి చోటు లేదు."

ఆయన వెళ్ళాక అతను మెల్లగా అడిగాడు. "నిజంగా కస్టమర్లు వచ్చారా?"

"ఎప్పుడూ వస్తూనే ఉంటారు కదండీ" అంది ఆమె. "అయినా మీరు నోరు విప్పరని నాకు తెలుసు. అందుకే నేను విప్పాల్సి వచ్చింది. పెళ్ళయ్యాక కూడా ఇంతేనా?"

అతను గీసిన గీతలన్నిటిలోకీ వంకరైన నవ్వొకటి నవ్వాడు.

లేన్ ప్రారంభోత్సవానికి పెద్దసారు వచ్చారు. కారు ఎర్ర రంగు మీదే ఆపుకుని రిబ్బన్ కత్తిరించారు. రాతి పలక మీద ఆయన పేరుంది, పై అధికారుల పేర్లున్నాయి, చివర్న రంగు కాంట్రాక్టరు పేరూ ఉంది.

ఉండాల్సిన పేరొకటి మాత్రం ఆ పలక మీద లేదు. ఎప్పుడైనా మీ బస్సు అంచుకు ఆనుకుని ఆగి, మీరు నెమ్మదిగా కాలు కింద పెడితే, వానలో నడిరోడ్డు మీద చేతికర్రతో దిగిన ఆ నాయనమ్మని ఒక్కసారి తలుచుకోండి.