మొద్దు పడుకునే వైపు

తెల్లవారి కొడుకు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ మంచం మీద చెయ్యి ఆనించే చోటు కూడా ఉండేది కాదు. గోడ వైపు పాప, పాప పక్కన కోడలు, కోడలి వీపుకి ఆనుకుని మొద్దు, కాళ్ళ దగ్గర పిడుగు. మొద్దు, పిడుగు ఆ ఇంటి కుక్కలు. రాత్రంతా బేకరీలో పిండితో కుస్తీ పట్టి వచ్చిన మనిషి ఆ గుంపులోనే ఓ మూల ఒరిగిపోయేవాడు.

అది చూస్తే అత్తగారికి ఒళ్ళు మండిపోయేది. ఆవిడ పిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయిన మనిషి. ఒక మంచానికి ఒక తల, అంతే. మనవరాలిని చూసుకోవడానికి వచ్చి, తన పద్ధతి ఇక్కడ చెల్లక గింజుకుంటున్నారు.

"ఒరేయ్, ఇది మంచమా, బస్టాండా?" అన్నారు ఆ ఉదయం, కొడుక్కి టీ గ్లాసు అందిస్తూ.

"పాప పుట్టకముందు నుంచీ అవి అక్కడే పడుకుంటున్నాయమ్మా. ఇప్పుడు పొమ్మంటే పోతాయా?"

"ఆ మొద్దు వెధవ పసిదాని మీదికి దొర్లితే ఏం చేస్తావురా?"

ఆ భయం కొడుక్కీ లేకపోలేదు. అందుకే పాపకని కమ్మీలున్న చిన్న మంచం కొన్నాడు. అందులో ఇప్పుడు ఉతికిన బట్టలు పడుకుంటున్నాయి.

కోడలికి చెబుదామంటే వినిపించుకుంటేగా! వెనక నుంచి పిలిస్తే పలకదు. వంటింట్లోంచి కేకేస్తే తిరిగైనా చూడదు. ఎదురుగా వెళ్ళి అడిగితే మాత్రం నవ్వుతూ చేసిపెడుతుంది. మరమగ్గాల మిల్లులో సూపర్‌వైజరు కదా, ఆ పొగరు ఎక్కడికి పోతుందని అత్తగారు తేల్చేసుకున్నారు. కొడుకింట్లో తన మాట గడ్డిపోచ అయిపోయిందని లోలోపల కుమిలిపోయేవారు కూడా.

మధ్యాహ్నం కొడుకు బజారుకి వెళ్ళాడు. పాలు తాగిన పాపతో పాటు కోడలూ నిద్రపోయింది. ఇదే అదననుకున్నారు అత్తగారు. కుక్కలు రెండింటినీ మెడ పట్టీ పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళి కట్టేశారు. చిన్న మంచంలోని బట్టలు తీసేసి, పాపని మెల్లగా అందులోకి మార్చారు. హమ్మయ్య అనుకుని మేడ మీదికి బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళారు.

కాసేపటికి పాప ఏడుపు వినిపించింది. తల్లి ఉందిగా, ఎత్తుకుంటుందిలే అనుకున్నారు. ఏడుపు ఆగలేదు. కింద మొద్దు కూడా గొలుసు తెంపుకునేలా అరవసాగింది. అత్తగారు గబగబా దిగి వచ్చారు.

పాప మొహం కందగడ్డలా అయిపోయింది. నాలుగడుగుల దూరంలో కోడలు గోడకేసి తిరిగి హాయిగా నిద్రపోతోంది.

"పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఈ నిద్రేమిటే? అసలు నువ్వు తల్లివేనా?" పాపని ఎత్తుకుని అత్తగారు గట్టిగా అరిచారు.

కోడలు కదలలేదు.

అప్పుడే పెరటి దారిన వచ్చిన కొడుకు కుక్కల్ని విప్పినట్టున్నాడు. మొద్దు ఒక్క ఉరుకులో లోపలికి వచ్చి, మంచమెక్కి, కోడలి భుజాన్ని మూతితో పొడిచింది. ఆమె చటుక్కున లేచి పక్కలో చెయ్యి వేసింది. పాప లేదు. దుప్పటి లాగేసింది. దిండ్లు విసిరేసింది.

"పాపేదీ? పాపా!"

ఆమె వెనకే, అత్తగారి చేతుల్లో, పాప గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది.

పక్కనే ఏడుస్తున్న బిడ్డ కోసం ఆ తల్లి దుప్పట్లలో వెతుక్కుంటోంది.

ఇటు తిరిగి పాపని చూసిన కోడలు, ఒక్క ఉదుటున వచ్చి లాక్కుని గుండెలకి హత్తుకుంది. గుమ్మంలో నిలబడిపోయిన భర్తనీ, అత్తగారినీ చూసి ఇక దాచలేకపోయింది.

"మిల్లు హోరులో చెవులు పోతూ వచ్చాయి అత్తయ్యా. కాన్పయ్యాక వినికిడి మరీ తగ్గిపోయింది. ఎదురుగా ఉంటే పెదాలు చూసి పోల్చుకుంటున్నాను. రాత్రి పాప ఏడిస్తే మొద్దే నన్ను లేపుతుంది. దాన్ని దింపేస్తే నేనెలా లేస్తాను?"

"నాకైనా చెప్పొచ్చుగా!" అన్నాడు భర్త.

"చెబితే పాపని నా పక్కలోంచి తీసేస్తారని..."

అత్తగారు మంచం మీద కూలబడ్డారు. ఇందాక తనన్న మాట ఆ పిల్ల చెవిన పడలేదు. పడనందుకు సంతోషించాలో, సిగ్గుపడాలో ఆవిడకి తెలియలేదు. పొగరనుకుని తిట్టుకున్న రోజులన్నీ గుర్తొచ్చి కళ్ళు నిండిపోయాయి.

"నీ బిడ్డని నీ దగ్గర్నుంచి ఎవరూ తియ్యరమ్మా. రేపు చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను" అన్నారు, కోడలి మొహం తనవైపు తిప్పుకుని.

సాయంత్రం కొడుకు పెద్ద మంచాన్ని గది మధ్యకి జరిపి, చిన్న మంచానికి ఒక పక్క కమ్మీలు ఊడదీసి, దాన్ని పెద్ద మంచానికి సందు లేకుండా బిగించాడు. పాపకి తన చోటు తనకి, తల్లికి చేతికందే దూరం. మొద్దు ఎప్పటిలాగే తల్లి వీపు వైపు. ఎక్కుదామా వద్దా అని అది తటపటాయిస్తుంటే, "ఎక్కరా నాయనా, నీ డ్యూటీ నీది" అన్నారు అత్తగారు.

కోడలు అటు తిరిగి పాపకి దుప్పటి సర్దుతోంది. గుమ్మంలోంచే "అమ్మాయ్" అని పిలవబోయి అత్తగారు ఆగారు. గదిలోకి వచ్చి, మంచం చుట్టూ తిరిగి, ఆమెకి ఎదురుగా నిలబడ్డారు.

"అమ్మాయ్."

కోడలు తలెత్తి నవ్వింది. "ఆఁ, అత్తయ్యా!"