రెండో దెబ్బ

ఆత్మకూరులో సర్వేయరు సామ్యేలుకి ఉన్న పేరు చిన్నదేం కాదు. ఆ పేరుకి తగ్గ నోరూ ఆయనకి ఉండేది. ఇల్లు కొనాలనుకున్నవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే ఆయన్ని వెంటబెట్టుకుపోయేవాళ్లు. కొలతలు వేసేవాళ్లు ఊళ్లో ఇంకొందరు ఉన్నా, నేల చెప్పే మాట వినగలిగినవాడు మాత్రం సామ్యేలు ఒక్కడేనని జనం నమ్మకం. జనం కంటే ఆయనకే ఆ నమ్మకం ఎక్కువ.

నేల మాట్లాడడం ఏంది అంటారా? కలువాయి చుట్టుపక్కల ఒకప్పుడు మైకా గనుల ఊళ్లు ఉండేవి. గనులు మూతపడ్డాక, తొంభైల్లో, కంపెనీలు కట్టించిన రాతి ఇళ్లు చవగ్గా అమ్మకానికి వచ్చాయి. చూడ్డానికి ముచ్చటైన ఇళ్లే, కాకపోతే కింద ఏముందో ఎవడికి తెలుసు? తవ్వినవాళ్లు ఇష్టం వచ్చినట్టు తవ్వుకుంటూ పోయారు. ఒకాయన కొత్తగా కొన్న ఇంటి పెరట్లో బర్రెల కొట్టం తెల్లారేసరికి బర్రెతో సహా భూమిలోకి దిగిపోయింది. అప్పట్నుంచి ఆ వైపు సామ్యేలు తల ఊపనిదే ఏ బేరమూ తెగేది కాదు.

ఆయన పద్ధతి సులువు. గడ్డపారని నిలువుగా పట్టుకుని, మొద్దు వైపుతో నేల మీద రెండు దెబ్బలు కొడతాడు. మొదటి దెబ్బకి పైనున్న దుమ్మూ వదులు మట్టీ సర్దుకుంటాయి. రెండో దెబ్బకి నేల మాట్లాడుతుంది. కింద బండ ఉంటే శబ్దం ధడ్ అని అక్కడికక్కడే ఆగిపోతుంది. డొల్ల అయితే మాత్రం లోపలికి దిగి, గొంతు మార్చుకుని పైకి వస్తుంది. ఎక్కడికి పోయినా అంతే, చోటుకి రెండు దెబ్బలు. ఆ చెయ్యి అలా అలవాటుపడిపోయింది.

పలకగుంటకి మాత్రం ఆయన ఎప్పుడూ పోలేదు. అదీ మైకా ఊరే, కానీ అక్కడ ఇల్లు కొనాలని అడిగినవాళ్లు లేరు, ఆయన చెల్లెలు శీనమ్మ అడిగేదాకా.

శీనమ్మ కష్టం వేరు. అన్నాచెల్లెళ్లు పుట్టిన ఊరు సోమశిల డ్యాం నీళ్లలో మునిగిపోయింది. నీళ్లు వస్తున్నాయంటే జనం గొడ్లనీ, గింజలనీ, చివరికి తలుపులనీ దూలాలనీ కూడా ఊడబెరికి మోసుకొచ్చుకున్నారు. సమాధుల్ని ఎవరు మోస్తారు? వాళ్ల అమ్మ అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత శీనమ్మకి బాడుగ ఇళ్లు మారడమే బతుకైంది. మొగుడు యేసుబాబు లారీ డ్రైవరు, పండక్కో పబ్బానికో కనబడే మనిషి.

"నాకు మేడలొద్దన్నా," అందామె. "కాళ్ల కింద నేల కదలకుండా ఉంటే చాలు. బాగుండాదని నువ్వొక్క మాట చెప్పు, ఇంక చచ్చేదాకా ఆడే పడుంటా."

ఆ మాట విని సామ్యేలు గడ్డపార గోనెసంచిలో చుట్టుకుని, చెల్లెల్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

వానాకాలం చివర. మధ్యాహ్నం దాటాక బస్సు దిగితే మబ్బు కమ్ముకుని ఉంది. ఆ ఊళ్లో మట్టి నిండా మైకా రేకులే, అంత మబ్బులోనూ అక్కడక్కడ తళుక్కుమంటున్నాయి. ఇంటి తాళం పక్కింటి ముసలమ్మ నాగులమ్మ దగ్గరుంది. సామ్యేలు ఆమె ఇంటి గుమ్మం దగ్గరికి పోయి తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తేలోపలే, ఎదురింటి మనిషి పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఈడ తలుపు కొట్టం సార్. పిలిస్తే పలకతారు," అన్నాడు.

ఇంకో వింత కూడా సామ్యేలు కంటపడింది. ఏ ఇంటి ముందూ రోలు లేదు. రోళ్లన్నీ ఊరికి దూరంగా ఒక తిప్ప మీద ఉన్నాయి, ఆడవాళ్లు మిరపకాయలు అక్కడికి మోసుకుపోయి దంచుతున్నారు.

"ఏంది అవ్వా, మీ ఊళ్లో కారం తినాలన్నా పొలిమేర దాటాల్నా?" అని వేళాకోళం ఆడాడు.

నాగులమ్మ నవ్వలేదు. "ఇండ్లల్లో దంచేది మాకు ఆనవాయితీ లేదబ్బయా," అని తాళం చేతిలో పెట్టి, వాన రాకముందే మేకల్ని కట్టేసుకోవాలని వెళ్లిపోయింది. గోనెసంచిలో ఏముందో ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు.

ఇల్లు నిజంగా బాగుంది. మందపాటి రాతిగోడలు, నున్నటి గచ్చు. కానీ లోపల చీకటి. కరెంటు ఎప్పుడో పీకేశారు. మూసిన ఇంటి ముక్క వాసన, తడిసిన సున్నం వాసన, వాటి కింద ఇంకేదో ఘాటుగా ఉంది. మామిడికాయలు మాగబెట్టే కార్బైడు వాసన. ఈ కాలంలో మామిడికాయలు ఎక్కడివని సామ్యేలు అనుకున్నాడు, అంతటితో మర్చిపోయాడు.

ముందుగది మూల నుంచి మొదలుపెట్టాడు. ధడ్, ధడ్. బండ. నడిమి గది. ధడ్, ధడ్. బండే. వంటగది, వెనక వసారా, మళ్లీ ముందుగది నడుమ. ఎక్కడ కొట్టినా శబ్దం రాతి మీద పడి ఆగిపోతోంది. ఇంత గట్టి నేల ఆయన ఈ మధ్యకాలంలో చూడలేదు.

"కొనేయ్ శీనమ్మా," అన్నాడు. "కింద ఒకటే బండ. ఈ ఇల్లు మన మనవళ్లని కూడా చూస్తుంది."

శీనమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. వంటగదిలోకి పోయి, పొయ్యి ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో గీసుకుంది. చెప్పులు విడిచి ఆ మూలకి సర్దింది, అప్పుడే తన ఇల్లయినట్టు. బయట వాన మొదలైంది.

అప్పుడు వినబడింది.

ధడ్... ధడ్.

శీనమ్మే ఏదో జరుపుతోందనుకున్నాడు సామ్యేలు. తల తిప్పితే ఆమె వంటగది కిటికీ దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

"నువ్వు కొట్టలేదా అన్నా?"

"లేదే. పక్కింట్లో అయుంటుంది."

పక్కింట్లో రోలే లేదని ఇద్దరికీ తెలుసు.

ధడ్... ధడ్. ఈసారి నడిమి గదిలో. తర్వాత వంటగదిలో, శీనమ్మ పాదాల దగ్గర. ఆమె ఎగిరి అవతలికి దూకింది. తర్వాత వసారాలో.

సామ్యేలు వెంటనే పోల్చుకున్నాడు. అది తను కొట్టిన వరసే. మూల నుంచి మూలకి, తను ఎలా నడిచాడో అలాగే కింద ఎవరో నడుస్తున్నారు. మోకాళ్ల మీద కూర్చుని, ముందుగది నడుమ గచ్చు మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు ఏమీ లేదు. కార్బైడు వాసన మాత్రం గుప్పుమంది... ఆ తర్వాత చేతికింద నేల రెండుసార్లు అదిరింది.

డొల్ల అయితే ఏ పందికొక్కో అనుకోవచ్చు. బండలో ఏముంటుంది?

గుమ్మం దగ్గర అలికిడైంది. నాగులమ్మ వానలో తడుస్తూ నిలబడి ఉంది. గడప దాటి లోపలికి రాలేదు. సామ్యేలు పక్కన పడున్న గడ్డపార చూసింది.

"ఎన్ని కొట్టినావు?" అంది గుసగుసగా.

"చోటుకి రెండు."

"అయ్యో నాయనా." గోడ పట్టుకుని అక్కడే చతికిలబడింది.

"గనిలోకి మనుషులు కార్బైడు దీపాలు పట్టుకుని దిగితే, పైన ఒకడు ఉండాల. కింద నుంచి రెండు దెబ్బలు వస్తే పైనోడు రెండు కొట్టాల. నేనుండాను, యాడికీ పోలేదు అని దాని అర్థం. అట్ట జవాబు ఇచ్చినోడు కిందోళ్లు పైకి వచ్చిందాకా కదలగూడదు. చచ్చినా కదలగూడదు. వానకి గని కూలిపోయిన దినం పైన ఉండింది మా ఆయన కామయ్యే. తవ్వేదానికి దోవ లేకపాయ. కింద కొడతా ఉండారు, ఈయన జవాబు ఇస్తానే ఉండాడు. కూడు లేదు, నిద్ర లేదు. ఇంక చూడలేక మేమందరం పోయి ఎత్తుకొచ్చి ఈ ఇంట్లో పండబెట్టినాము."

"గని ఈడ కాదు గదా?"

"కాదు. ఊరికి ఆ పక్క ఉండాది. అయినా ఆ రాత్రే ఈ నేల కింద మొదులైంది. మనిషి యాడుంటే ఆడికే వచ్చినారు. లోపల గడియ పెట్టుకుని మళ్లా కొట్టేది మొదులుపెట్టినాడు. పొద్దున తలుపు పగలగొట్టి చూస్తే లేడు. గచ్చు గచ్చుగానే ఉండాది. గడ్డపార కూడా లేదు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "అప్పట్నుంచి ఈ ఊళ్లో ఎవురూ నేల మీద రెండు కొట్టరు. మీరు ఊరికే చూసి పోతారనుకున్నా."

శీనమ్మ నెమ్మదిగా అడిగింది. "జవాబు ఇయ్యకుండా పోతే ఏమైతాది అవ్వా?"

"ఏం గాదమ్మా. కొంతకాలానికి వాళ్లే ఆపేస్తారు. పైన ఎవురూ లేరనుకుంటారు."

సామ్యేలు ఇంక ఒక్క నిమిషం ఆగలేదు. చెల్లెల్ని జబ్బ పట్టుకుని లాక్కొచ్చాడు. గడ్డపార వదిలేశాడు, ఆమె చెప్పులు కూడా లోపలే ఉండిపోయాయి. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా వెనక నుంచి ఆ శబ్దం ఆగి ఆగి వస్తూనే ఉంది.

ఆటోలో ఆత్మకూరు దీపాలు కనబడ్డాక శీనమ్మ అంది.

"పైన ఎవురూ లేరనుకునేది ఎంత కష్టమన్నా. మనూళ్లో అమ్మ కూడా అట్టే అనుకొనుంటాదా?"

"పిచ్చి మాటలు మాట్లాడబాక. చచ్చినోళ్లు ఏమీ అనుకోరు," అని కసిరాడు సామ్యేలు. ఇంటికొచ్చి ప్రార్థన చేయించి, ఆమెని పిల్లల పక్కన పడుకోబెట్టాడు.

పొద్దున భార్య ఏంజెలిన్ కాఫీ గ్లాసుతో వచ్చి, "ఏమండీ, మీ చెల్లెలు కనబడలేదు, ఎటో వెళ్లిపోయినట్టుంది. మన రోకలి కూడా తీసుకపోయింది, ఎందుకు?" అంది.

సామ్యేలు చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా బస్సుస్టాండుకి పరుగెత్తాడు.

పలకగుంట చేరేసరికి వాన వెలిసి, ఎండ ఫెళ్లున కాస్తోంది. ఊళ్లో ఒక్క మనిషి వీధిలో లేడు. ఆ ఇంటి తలుపు లోపల గడియ వేసి ఉంది. లోపల రోకలి పడుతోంది. రెండు దెబ్బలు. ఆగి, నేల కింద నుంచి రెండు.

"శీనమ్మా, తలుపు తియ్యి."

"దగ్గరికొచ్చేసినారన్నా." అలసిపోయిన గొంతు, కానీ సంతోషంగా ఉంది. ఆ సంతోషానికే సామ్యేలు భయపడ్డాడు. "రాత్రికంటే బాగా దగ్గర. ఇంక కొంచెమే."

"నీకు దణ్ణం పెడతా. బయటికి రా తల్లీ."

"అందరూ మగోళ్లే అనుకున్నా. కాదన్నా... ఒక చెయ్యి మెత్తగా కొడతా ఉండాది."

తలుపుకి భుజం వేసి గుద్దాడు. ఒకసారి. ఇంకోసారి. లోపల రోకలి చప్పుడు ఆగింది. నేల కింద చప్పుడు కూడా ఆగింది. గడియ విరిగి తలుపు తెరుచుకుంది.

ఎవరూ లేరు.

అన్ని గదులూ తిరిగాడు. వెనక తలుపు లోపల గడియ వేసినట్టే ఉంది, కిటికీలకి కమ్ములు. గచ్చు మీద చిన్న పగులు కూడా లేదు. వంటగదిలో సుద్దతో గీసిన పొయ్యి, దాని పక్కన సర్దిన చెప్పులు. రోకలి లేదు. ఆయన గడ్డపార మాత్రం నిన్న వదిలినచోటే పడి ఉంది. కార్బైడు వాసనకి కళ్లు మండుతున్నాయి.

సామ్యేలు గచ్చు మీద కూలబడి, చెల్లెలి పేరు పెట్టి ఏడ్చాడు. ఇల్లు బాగుందని తనే చెప్పాడు. కొనేయ్ అని తనే అన్నాడు. ఆమె అన్న మాట ప్రకారం ఇక్కడే ఉండిపోయింది.

అప్పుడు కింద నుంచి వచ్చింది. ఇనుము కాదు. రాతి మీద కర్ర పడ్డ చప్పుడు. రోకలి చప్పుడు.

రెండు.

"కొట్టొద్దబ్బయా," ఎప్పుడొచ్చి నిలబడిందో, గడప అవతల నాగులమ్మ గొణిగింది. "ఇంట్లో పెళ్లాం బిడ్డలుండారు నీకు. లేచి రా."

మళ్లీ రెండు. ఈసారి మెల్లగా, అనుమానంగా.

సామ్యేలు గడ్డపార అందుకున్నాడు. ఇంకాసేపు ఊరుకుంటే ఆగిపోతుందని తెలుసు. పైన ఎవరూ లేరనుకుంటుంది. అమ్మని అలాగే వదిలి వచ్చారు. శీనమ్మని కూడానా?

ఒక దెబ్బ కొట్టాడు. చెయ్యి గాలిలో ఆగింది.

రెండో దెబ్బ కొట్టాడు.

కింద అంతా నిశ్శబ్దం. చాలాసేపు. చూరు నుంచి నీటిబొట్లు రాలడం వినబడుతోంది...

ధడ్. ధడ్. ధడ్.

సామ్యేలు తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. ఎండలో నిలబడి ఉన్న నాగులమ్మ వెనక్కి ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది.

"మూడుకి ఏం అర్థం అవ్వా?"

ముసలమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"మా కాలంలో మూడు లేదు నాయనా," అంది.