గడియ తీసిన చేతులు

నల్లవాగు దుర్గాన్ని చూస్తే ఆనాడే చూడాలండీ! కింద మైదానమంతా శత్రువుల గుడారాలు, కొండ చుట్టూ ఏనుగుల ఘీంకారాలు, భేరీల మోతకు లేచిన పావురాలు మళ్లీ వాలే చోటు దొరకక ఆకాశంలోనే తిరుగుతుంటే, బురుజు మీద ఒక చేత్తో జెండా పట్టుకుని, రెండో చేత్తో మీసం సవరించుకుంటూ, "రండిరా! ఇంత దూరం వచ్చారు, మెట్లెక్కే ఓపిక లేదా?" అని కేకలేస్తున్న ఆ మహావీరుడే విరులపురి రాజ్యపు సేనాధిపతి పోతినేడు.

అంతటివాడికి ముట్టడి ముగిసీ ముగియగానే మరణశిక్ష పడింది. వేసింది పగవాడు కాదు, సొంత రాజ్యమే.

జరిగిందేమిటంటే, ముట్టడి మధ్యలో ఒకనాటి ఉదయం శత్రువులు కొండ కింది పేటకు నిప్పుపెట్టారు. జనం పిల్లాపాపలతో ఎగబాకి వచ్చి కోట తలుపు బాదారు. కోటలో ఉన్న మహామంత్రి సూరామాత్యుడు "తలుపు తీయరాదు" అని ఆజ్ఞాపించాడు. పోతినేడు ఆ ఆజ్ఞ చెవులారా విన్నాడు, విని కూడా కావలి భటులను పిలిచి, "గడియ లాగండి, మాట వస్తే నేను పడతాను" అన్నాడు. జనం లోపలికి వచ్చారు. వాళ్లలో కలిసి కొందరు శత్రుభటులూ చొరబడి ధాన్యపు కొట్లు తగలబెట్టారు. అబద్ధమెందుకు, నష్టం నష్టమే. అయినా ఆ అర్ధాకలి సేనతోనే పోతినేడు కోట దిగి, శత్రువును తరిమి తరిమి కొట్టాడు.

సేన నోట ఎప్పుడూ పోతినేడు పేరే వినబడటం సూరామాత్యుడికి చాలాకాలంగా కంటగింపు. శత్రువు వెనుదిరగగానే కోటలోనే న్యాయసభ కూర్చి, ధర్మాసనం మీద తానే ఆసీనుడై, బంగారం పుచ్చుకుని తలుపు తీసిన రాజద్రోహి అని తీర్పు చెప్పేశాడు. పోతినేడుకు శిరశ్ఛేదం. గడియ లాగిన భటులకు కుడిచేతులు నరకడం.

అతన్నీ, భటులనూ సంకెళ్లతో రాజధానికి తెచ్చి చెరసాలలో పెట్టారు, మూడోనాడు రాజసభకు రప్పించారు. యువకుడైన గండభూపతి మహారాజు ఈ పోతినేడు దగ్గరే కత్తి పట్టడం నేర్చుకున్నవాడు. సింహాసనం దిగి ఎదురువచ్చాడు.

"నాయకా, నిన్ను క్షమించాను. నీ కత్తి నువ్వు తీసుకో."

"దేవరా, ఏ తప్పుకు క్షమించారు?"

"ద్రోహానికి."

"అయితే నాకొద్దు."

పోతినేడు సంకెళ్ల చేతులు పైకెత్తి ఇలా అన్నాడు: "క్షమ పుచ్చుకుంటే ద్రోహం ఒప్పుకున్నట్టే, ప్రభూ. నేను ద్రోహినైతే నా మాట విని గడియ లాగినవాళ్లూ ద్రోహులే. నా తల మెడ మీద నిలుస్తుంది, వాళ్ల చేతులు నేల మీద పడతాయి. ఆ తల మోసుకుని వాళ్ల ఇళ్ల ముందు ఎలా నడవమంటారు? నాకు దయ వద్దు, పునర్విచారణ కావాలి!"

పునర్విచారణ కోరే హక్కు ఆ రాజ్యంలో అందరికీ ఉండేది, కోరే ధైర్యమే ఎవరికీ ఉండేది కాదు. ఓడితే శిక్ష రెట్టింపు మరి!

సూరామాత్యుడు నవ్వాడు. "నీకున్నది ఒక్క తలే కదా నాయకా! రెట్టింపు ఎలా చేయమంటావు?"

"నా ఊళ్లు లాక్కోండి, నా ఇంటివాళ్లను పొలిమేర దాటించండి. మా ఇంటిది నిన్న చెరసాలకు వచ్చి చెప్పింది, 'మూటలు కట్టేశాను, మీరు మాత్రం తగ్గకండి' అని."

పెద్ద ధర్మాసనం మీద విద్దనార్యులు కూర్చున్నారు. ముసలాయన. ఆయన చిరాకంటే మహారాజుకే జంకు. రాగానే, "నా తీర్పు వచ్చేదాకా ఒక్క కత్తి ఒర దాటడానికి వీల్లేదు" అన్నారు. తరువాత గొంతు సవరించుకున్నారు. "తలుపు తీశాడా అని మళ్లీ అడగను, తీశానని తానే ఒప్పుకున్నాడు. మొదటి సభ నడిచిన తీరు సరైనదా? అక్కడ విన్నదాన్ని బట్టి ద్రోహమనవచ్చునా? శిక్ష తప్పుకు తగినదా? నేను చూసేది ఇంతే. అక్కడ పలకని సాక్ష్యం ఇక్కడ పలకరాదు."

పోతినేడు ఆగలేకపోయాడు. "ఆర్యా! అంతకు ముందురోజే మంత్రిగారు తమ చుట్టాల కోసం అదే తలుపు తీయించారట!"

"ఈ మాట ఆ సభలో చెప్పావా?"

"నాకు నిన్ననే తెలిసింది."

"కొత్త మాట. చెల్లదు."

సూరామాత్యుడు తొడ చరిచాడు. "సెబాసు! అక్కడ చెప్పనిది ఇక్కడ చెల్లదు. అతనికే కాదు, ఎవరికీ చెల్లదు!"



ఇక మొదటి సభలో కూర్చున్న సభ్యులను పిలిచి, అక్కడ విన్నదంతా చెప్పమన్నారు. వాళ్లలో కొమ్మిసెట్టి అనే వర్తకుడు ముందుకొచ్చాడు. గడియ లాగామని భటులు చెప్పారన్నాడు. కొట్లు కాలాయని కొఠారు అధికారి చెప్పాడన్నాడు.

"బంగారం సంగతి ఎవరు చెప్పారు?"

"మహామంత్రిగారండి."

"సాక్షి బండ ఎక్కి చెప్పారా?"

ఆ రాజ్యంలో రాజుగారి తమ్ముడైనా సరే, సాక్ష్యం చెప్పాలంటే తలపాగా తీసి, చెప్పులు విడిచి, సభ మధ్యనున్న బండ ఎక్కి, నేరం మోపబడ్డవాడి కళ్లలోకి చూస్తూ చెప్పాలి. అతను ఎదురు ప్రశ్నలు వేస్తే జవాబివ్వాలి.

కొమ్మిసెట్టి మంత్రి వైపు ఓసారి చూశాడు. "లేదండి. ఆసనం మీద కూర్చునే, 'అది నాకు తెలుసు, మీరు ఊ అనండి' అన్నారండి. మేం ఊ అన్నాం."

సూరామాత్యుడు లేచాడు. "ఏమిటీ అవమానం! ఈ రాజ్యపు మహామంత్రి చెప్పులు విడిచి ఒక సిపాయి ముందు బండ ఎక్కాలా? నా మాటకు బండ కావాలా?"

"కావాలి," అన్నారు విద్దనార్యులు.

అప్పటికి గానీ మంత్రికి తాను నిలబడ్డ చోటు తెలిసిరాలేదు. గబగబా తలపాగా లాగేసి, చెప్పులు విదిల్చి, "అయితే ఇప్పుడే చెబుతాను!" అంటూ బండ మీదికి ఉరికాడు.

"దిగవయ్యా, దిగు. కొత్త మాట. ఇందాక తొడ చరిచింది నువ్వేగా?"

సభ గొల్లుమంది. తలపాగా చంకలో పెట్టుకుని, బోడితలతో మంత్రి బండ దిగుతుంటే మహారాజు కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"తీర్పరే సాక్షి కావడం మొదటి దోషం," అన్నారు విద్దనార్యులు. "బంగారానికి సాక్ష్యం లేదు గనుక ద్రోహం కొట్టేశాను. నాయకుడి ఆజ్ఞ పాటించిన భటులది తప్పు కాదు, వాళ్లను వదలండి. మంత్రి నడత గురించి దేవరవారు వేరే సభ పిలుచుకోండి, అది నా ముందున్న పని కాదు. ఇక మిగిలింది ఆజ్ఞాధిక్కారం. అది నిజం, కొట్లు కాలినదీ నిజం. శిక్ష తేల్చేందుకు ఒక్కటి అడుగుతాను. మళ్లీ అదే ఆజ్ఞ వస్తే పాటిస్తావా?"

మహారాజు ఆశగా చూశాడు. ఊ అంటే చాలు, సేనాధిపత్యం తిరిగి చేతికొస్తుంది.

"పాటించను, ఆర్యా. గుమ్మంలో జనం ఏడుస్తుంటే మళ్లీ తీస్తాను."

ముసలాయన ఘంటం చేతికి తీసుకున్నారు. "అయితే నీకు కోట అప్పగించరాదు. సేనాధిపత్యం పోయింది. తల నీది, పరువు నీది, ఊళ్లు నీవి. వెళ్లు."

"నేనది కొట్టేస్తాను!" అని మహారాజు లేవబోతే, పోతినేడు చేతులు జోడించాడు. "వద్దు దేవరా. ఇది నేను అడిగి తెచ్చుకున్న న్యాయం."

సంకెళ్లు విప్పగానే తన కత్తి సింహాసనం ముందు పెట్టి, వట్టి చేతులతో నగర ద్వారం దాకా నడిచాడు. ఆ మహాద్వారం రెండు రెక్కలూ రాజుగారి ఏనుగుకు తప్ప ఎవరికీ తెరవరు, మామూలు జనానికి పక్కనున్న చిన్న తలుపే గతి. అతను తల వంచి ఆ చిన్న తలుపు వైపు తిరిగాడు.

విడుదలైన భటులు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. ఎవరి ఆజ్ఞా అడగలేదు. కుడిచేతులన్నీ ఒక్కసారిగా ఆ మహాద్వారపు పెద్ద గడియ మీద పడ్డాయి.