ఆపరేషన్ పసుపు బొట్టు

"సార్, పెన్‌డ్రైవ్ చేతులు మారుతుంటే ఫొటో తీసిన. ఇచ్చినోళ్లు మన..."

అంతే. తర్వాత బ్రేకుల చప్పుడు, ఏదో పగిలిన శబ్దం. లైన్ కట్టయింది.

చీఫ్ రికార్డింగ్ ఆపి ఏజెంట్ ధర్మేందర్ వైపు చూశాడు.

"మాట్లాడింది ఈశ్వరయ్య. ఆదిభట్లలో విమాన భాగాలు చేసే ఒక కంపెనీకి స్టాఫ్ బస్సు నడుపుతాడు. రెండేళ్లుగా మన మనిషి. నిన్న సాయంత్రం ఇబ్రహీంపట్నం రోడ్డు మీద నంబర్ ప్లేటు లేని జీపు గుద్దింది. ఇంకా స్పృహ రాలేదు."

"పెన్‌డ్రైవ్‌లో ఏముంది సార్?"

"హెలికాప్టర్ డ్రాయింగులు. కంపెనీ చూడ్డానికి పదకొండు మంది విదేశీ అతిథులు వచ్చారు. వాళ్లలో ఒకడి దగ్గరుంది. పన్నెండున్నరకు ఫ్లైట్. పదకొండు మందినీ సోదా చేస్తే ఢిల్లీ మన తోలు తీస్తుంది. ఒక్కణ్ణే ఆపగలం."

"వాడెవడో ఫొటోలో ఉంది."

"ఫొటో ఫోన్‌లో ఉంది. ఫోన్ స్క్రీన్ నల్లగా చచ్చిపోయింది. మెమరీ కార్డు లేదు. లాక్ పెట్టుకోవడం ఈశ్వరయ్యకు రాదు, అదొక్కటే మన అదృష్టం. దవాఖానలో ఆయన బట్టలతో పాటు భార్యకు ఇచ్చేశారని గంట కిందటే తెలిసింది. ల్యాబ్‌కు తెచ్చే టైం లేదు. ల్యాప్‌టాప్ తీసుకెళ్లు. కేబుల్ సంతోషి తెస్తుంది."

సంతోషి డబుల్ ఏజెంట్. ఇలాంటి రహస్యాలు అమ్ముకునే ముఠాలో ఉంటూ చీఫ్‌కు సమాచారం ఇస్తుంది. ఫోన్లు, కంప్యూటర్లు ఆమెకు మంచినీళ్ల ప్రాయం.

"రెండు వైపులా జీతమా సార్?"

"నిజంగా పనిచేసేది ఒక వైపే."

"ఏ వైపు?"

చీఫ్ ఫైల్ మూసేశాడు.

ధర్మేందర్ ఎవరినీ నమ్మడు. హోటల్లో చాయ్ వస్తే పక్కవాడు తాగేదాకా ఆగే రకం. డిష్ మెకానిక్ వేషంలో ఇబ్రహీంపట్నం సందులోకి దిగేసరికి పదకొండుంబావు. దసరా వెళ్లి ఐదు రోజులే, గుమ్మాలకు బంతిపూలు ఇంకా పూర్తిగా వాడలేదు.

తలుపు తీసిన ఈశ్వరయ్య భార్య మైసమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మా డిష్ మంచిగనే ఉన్నది. పో తమ్మీ."

"డిష్ కోసం రాలే అక్కా. ఈశ్వరయ్యన్న ఫోన్ కోసం వచ్చిన. అన్నను గుద్దించినోళ్ల ఫొటో ఆ ఫోన్లనే ఉన్నది."

మైసమ్మ అతణ్ణి కిందికీ పైకీ చూసింది. "తాగి రోడ్డుకు అడ్డం పడ్డడని అంటున్నరు తమ్మీ. ఆయన జన్మల సుక్క ముట్టలే. గీ మాట ఊరంత వినవడ్డది. ఆయన లేశి గిది వింటే బతకడు. నువ్వెవరివైనా మంచిదే, అబద్ధమని చూపియ్."

లోపల సంతోషి అప్పటికే కుర్చీలో ఉంది. నల్ల కళ్లద్దాలు నెత్తి మీద, ఎర్రటి లిప్‌స్టిక్, గదంతా సెంటు. రహస్యంగా వచ్చిన ఈ గూఢచారిణిని చూడ్డానికి సందు సందంతా కిటికీ దగ్గర నిలబడి ఉంది. ధర్మేందర్ కిటికీ మూసేశాడు.

అప్పటిదాకా సంతోషికి కూడా ఇవ్వని ఫోన్‌ను మైసమ్మ తెచ్చి ధర్మేందర్ ముందు పెట్టింది. సంతోషి దానికి కేబుల్ తగిలించింది. ఫోన్ ఒకసారి వణికింది. ల్యాప్‌టాప్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"వేరే పోర్టులో పెట్టు."

పెట్టింది. లేదు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించింది. లేదు. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశారు. పదకొండు నలభై. లేదు.

ధర్మేందర్ బ్యాటరీ తీసి, ఛార్జింగ్ రంధ్రంలోకి టార్చి వేశాడు. లోపల గడ్డకట్టిన పచ్చటి పొడి.

"ఇదేం కెమికల్? ఈ ఫోన్‌ను ఎవరు ముట్టిన్రు?"

"నేనే ముట్టిన," అంది మైసమ్మ.

"ఏం పోసినవ్ దీంట్ల?"

"ఏం పోస్త? పసుపు! కొత్త ఫోన్, దసరాకు పూజల పెట్టినం. బస్సు స్టీరింగుకు బొట్టు పెట్టిన, దీనికీ పెట్టిన. కరెంటు పోయే బొక్క గదా, పానం గక్కడుంటదని జర ఎక్కువ పెట్టిన." మైసమ్మ విసురుగా లోపలికి వెళ్లి పసుపు గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. "నాకి చూడు! మొగుడు దవాఖానల ఉంటే నా మీదనే అనుమానమా?"

ధర్మేందర్‌కు సిగ్గేసింది. చీపురు పుల్ల అడిగి తీసుకుని, ఆ పసుపంతా మెల్లగా గీకాడు. బ్యాటరీ వేసి కేబుల్ తగిలించాడు. ఫోన్ వణికింది. ల్యాప్‌టాప్ మళ్లీ మౌనవ్రతం.

పదకొండు యాభై ఐదు.

"మదర్‌బోర్డు పోయింది," సంతోషి లేచింది. "దీంతో టైం ఖరాబ్. ఇటియ్, నేను ఆఫీసులో ఇచ్చేస్తా."

"ఛార్జింగైతే ఎక్కుతున్నది గదా," అంది మైసమ్మ. "సచ్చిన దానికి ఛార్జింగెట్ల ఎక్కుతది? ఆగున్రి. ఫోన్‌తోని వచ్చిన అసలు వైరు డబ్బలనే ఉన్నది. వాడితే ఖరాబైతదని బీరువాల దాచిన. రోజూ పాత ఫోన్ వైరే పెడుతుండె."

"వద్దు!" అంది సంతోషి.

మరీ తొందరగా అంది. ధర్మేందర్ ఆమె కేబుల్‌ను చేతిలోకి తీసుకుని మొదటిసారి సరిగ్గా చూశాడు. సన్నగా ఉంది. ఛార్జింగ్ మాత్రమే ఎక్కే రకం. ఫొటోలు దాటి రావడానికి లోపల తీగలే ఉండవు. ఫోన్లలో ఆరితేరిన మనిషి పొరపాటున తెచ్చే వస్తువు కాదది.

"తీస్కరా అక్కా," అన్నాడు.

మైసమ్మ బీరువాలో పట్టుచీరల కింద నుంచి డబ్బా తీసింది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ధర్మేందర్ కేబుల్ తగిలించాడు.

టుడుంగ్.

ఆ చప్పుడుకు అతని ప్రాణం లేచొచ్చింది. చివరి ఫొటో తెరిచాడు. బస్సు అద్దంలోంచి తీసినది. తెల్ల గడ్డం అతిథి చెయ్యి చాచాడు. పెన్‌డ్రైవ్ ఇస్తున్న మనిషి నెత్తి మీద నల్ల కళ్లద్దాలు.

"ఇచ్చినోళ్లు మన..." అని ఈశ్వరయ్య ఆపేసిన మాట ఇప్పుడు పూర్తయింది.

సంతోషి పర్సులోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది. "ల్యాప్‌టాప్ మూసెయ్, ధర్మేందర్."

"నా మొగుణ్ణి గుద్దిపిచ్చింది నువ్వానే?" అంది మైసమ్మ. గిన్నెడు పసుపు సంతోషి కళ్లలో పడింది. పిస్తోలు పైకప్పు రేకుకు చిల్లు పెట్టి కింద పడింది. మరుక్షణం సంతోషి చేతులు ఆమె తెచ్చిన కేబుల్‌తోనే వెనక్కి కట్టేసి ఉన్నాయి. కనీసం ఆ పనికైనా అది పనికొచ్చింది.

పన్నెండు పదకొండుకు ఫొటో చీఫ్‌కు చేరింది. పన్నెండు ఇరవై ఎనిమిదికి ఆయన ఫోన్ చేశాడు. "విమానం తలుపు వేస్తుంటే ఆ తెల్ల గడ్డం వాణ్ణి దించాం. సన్మానం శాలువా మడతలో ఉంది పెన్‌డ్రైవ్. ఫోన్ ఎందుకు దొరకలేదట కంప్యూటర్‌కు?"

"సగం భక్తి సార్, సగం ద్రోహం."

నాలుగో రోజు ఈశ్వరయ్య కళ్లు తెరిచాడు. అంతకుముందే ఎస్సై ఆ సందులోకి స్వయంగా వచ్చి, గుద్దిన జీపు దొరికిందనీ, ఈశ్వరయ్య తాగలేదనీ నలుగురిలో గట్టిగా చెప్పి వెళ్లాడు. ఆ సంగతి భర్త చెవిలో చెప్తూ మైసమ్మ ఏడ్చేసింది.

ధర్మేందర్ కొత్త స్క్రీన్ వేయించిన ఫోన్‌ను మంచం మీద పెట్టాడు. మైసమ్మ కళ్లు తుడుచుకుని, కొంగు ముడిలోంచి పసుపు తీసింది. "గండం గడిచింది తమ్మీ. దీనికో బొట్టు పెడత."

"పెట్టక్కా," అన్నాడు ధర్మేందర్, ఛార్జింగ్ రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి.