గొంతులు దాచిన గుహ

వైడూర్యపురంలో దీపం వెలిగించడానికి ఎవరూ లేచేవారు కాదు. విరూపకర్ణుడనే మాయావి ఇంటింటికీ ఒక ఇత్తడి బొమ్మను ఉచితంగా పంచిపెట్టాడు. దాని ముందు "దీపం!" అంటే దీపం వెలిగేది, "తలుపు!" అంటే తలుపు మూసుకునేది. జనం మురిసిపోయారు. ఇచ్చిన ప్రతి ఆజ్ఞతోనూ గొంతులో కొంత ఆ మాయావి గుహకు చేరుతోందని తెలిసేసరికి, రాజుగారితో సహా పెద్దలందరూ మూగబోయారు. బొమ్మలు పిల్లల మాట వినవు కనుక వాళ్ల గొంతులు మాత్రం మిగిలాయి.

నేతగత్తె కూతురు చంపకకు అమ్మ ఎప్పటిలాగే తల దువ్వేది, అన్నం కలిపి పెట్టేది. కానీ "చంపకా" అనే పిలుపు లేదు. ఆ పిలుపు కోసం పిల్ల ప్రాణం కొట్టుకుపోయేది. నిద్రలో ఉలిక్కిపడి "ఏమమ్మా?" అంటూ లేచి కూర్చునేది. చివరికి ఉండబట్టలేక మాయావి గుహను వెతుక్కుంటూ అడవి దారి పట్టింది.

దారిలో ఒక ముని ఆమెను ఆపి, "తల్లీ, ఆ గుహ దగ్గర పిల్లల ఆజ్ఞలూ చెల్లుతాయి. ఒక్క ఆజ్ఞ ఇచ్చావా, నీ గొంతూ వాడిదే!" అని హెచ్చరించాడు.

"దారి ఇమ్మను, ఇస్తాను" అని ఏరు ఊరించింది. చంపక పెదవి విప్పకుండా ఈదింది. "జరగమను, జరుగుతాను" అంది గుహ ముందు బండరాయి. అరచేతులు దోక్కుపోయినా చంపక దాన్ని తానే నెట్టింది.

లోపల ఎటు చూసినా మూతికట్టిన కుండలే. విరూపకర్ణుడు చేటలంత చెవులు ఊపుతూ నవ్వాడు. "మీ అమ్మ గొంతు ఏ కుండలో ఉందో పోల్చుకుంటే పట్టుకుపో. తప్పితే నువ్వూ మూగదానివే!"

చంపక ఒక్కో కుండకు చెవి ఆనించింది. "దీపం!" "తలుపు!" అన్నీ ఆజ్ఞలే, అన్నీ ఒకేలా ఉన్నాయి. కన్నతల్లి గొంతే పోల్చుకోలేకపోతున్నానే అని కుమిలిపోయింది.

"పాపం, అలసిపోయావు. అన్నం తిని వెతుకు" అని వెక్కిరించాడు మాయావి.

"మా అమ్మ పెట్టని అన్నం నాకొద్దు!" అని చంపక వెక్కివెక్కి ఏడ్చింది.

అంతే, కుండలన్నీ గడగడా కదిలాయి. పిల్ల అన్నం వద్దంటే ఊరుకునే తల్లులా వాళ్లు? "ఒక్క ముద్ద తినమ్మా!" "పెరుగేసి కలిపానురా కన్నా!" అని అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. మూలనున్న కుండ మాత్రం గట్టిగా కసిరింది. "ఏమే చంపకా! పొద్దుటి నుంచీ ఖాళీ కడుపుతో తిరుగుతున్నావా? లే, చేతులు కడుక్కో!"

"అమ్మా!" అంటూ చంపక ఆ కుండను వాటేసుకుంది. ఆ కేకలకు కుండలన్నీ పగిలి, ఎవరి గొంతు వాళ్లింటి దారి పట్టింది. విరూపకర్ణుడు చెవులు మూసుకుని అడవుల్లోకి పారిపోయాడు.

రాజుగారు అర్ధరాజ్యం ఇస్తానన్నారు. "మా అమ్మ పిలుస్తోంది, మళ్లీ వస్తాను" అని చంపక ఇంటికి పరుగెత్తింది.

అమ్మ వేడన్నంలో నెయ్యి వేసి కలిపింది. ఆకలితో కళ్లు తిరుగుతున్నా, ముద్ద నోటిదాకా వచ్చిన ప్రతిసారీ చంపక "వద్దు" అంది. అమ్మ బతిమాలుతూనే ఉంది.